గడియ

కల్యాణదుర్గంలో బస్సు దిగేసరికి
మామ నన్ను కాదు, నా చేతిసంచిని చూశాడు.
"మందు తెచ్చినావా పాపా?"
తెచ్చాను. బొగ్గుపొడి, రెండు కిలోలు.
పెన్నోబులేసు మామ నవ్వాడు:
"యూనివర్సిటీలో ఆరేండ్లు సదివి
బొగ్గు తెచ్చినావు."

ఈసారి వాన మోసం చేసింది.
బీళ్ళలో గరిక ఎండింది, పులికంప ఒక్కటే పచ్చగా నిలిచింది.
ఆకలికి ఆకుల పేర్లు తెలియవు.
తిన్న మూడో రోజుకు చెవులు అట్టల్లా బిగిసి వాలాయి,
కనురెప్పలు వాచాయి, మూతులు పగిలి రసి కారింది,
తెల్లవాటికే.
అదే కంప తిన్న కర్రి గొర్రెలు పక్కనే
మిట్టమధ్యాహ్నం తాపీగా నెమరేస్తున్నాయి.
పొడల గొర్రె ఒకటి ఉంది.
నల్ల పొడ కింద చర్మం మేలుగా ఉంది,
తెలుపు మొదలైన చోటే పుండు మొదలైంది,
బలపంతో ఎవరో హద్దు గీసినట్టు.

"దిష్టి" అంది మారెక్క.
"గాలి సోకింది" అన్నాడు పక్క మందాయన.
"ఎండ సోకింది" అన్నాను నేను.
"అనంతపురంలో ఎండ ఎవురికి సోకల్యా?" అన్నాడు మామ.

ఎట్లా చెప్పను?
ఆకు పచ్చదనం కడుపులో విరిగితే
ఎర్రటి రంగొకటి మిగులుతుంది.
కాలేయం బాగుంటే పసరుతో పాటు బయటికి తోసేస్తుంది.
కంప విషానికి ఆ దారి పూడింది.
రంగు నెత్తుట్లోకి మళ్ళింది,
చర్మం దాకా వచ్చి కూర్చుంది.
చీకట్లో అది ఎవరినీ ఏమీ అనదు.
ఒక గడియ ఎండ చాలు.
వెలుగు తినే ఆకు,
ఆకు తినే గొర్రె,
గొర్రెను తినే వెలుగు.

నా లాబులో కిటికీలకు నల్లగుడ్డ.
అక్కడ నేనూ ఒక మొక్క రంగును పెంచుకుంటాను,
వెండి కాగితం చుట్టి, చంటిబిడ్డను దాచినట్టు.
గాజు పలక మీద క్లోమపు కణాలు.
ఒక్కో కణం ఒంటి నిండా వాకిళ్ళు,
ఒక్కో వాకిలికీ ఒక చుట్టం.
ఆ చుట్టం వచ్చి తడితేనే గడియ తీస్తుంది,
పని కాగానే వేసేస్తుంది.
రంగు పోసి ఒకటిన్నర నిమిషం వెలుగు చూపించాను.
ఎవరూ తట్టలేదు. గడియ ఊడింది.
లోపల కాల్షియం అలలుగా లేచింది.
దీపం ఆర్పాను, ఆగలేదు.
రంగు కడిగేశాను.
ఆగలేదు.
"గడియ పడటం లేదు" అని నోటుబుక్కులో రాశాను.
మేడం ఎర్ర సిరాతో కొట్టేసి
"గ్రాహకం శాశ్వతంగా క్రియాశీలమైంది" అని దిద్దింది.
ఆ రాత్రి హాస్టల్లో
ఏదో తలుపు గాలికి కొట్టుకుంటూనే ఉంది.
లేచి చూస్తే అన్నీ వేసే ఉన్నాయి.

మామ బొగ్గు నీళ్ళు కలుపుతూ విన్నాడు.
మోచేతుల దాకా నలుపు.
"అంటే తలుపు కాల్లేదు, గడియ కాలిందంటావు."
అంతే మామా.
ఆరేండ్లలో నేనింత చిన్నగా చెప్పలేకపోయాను.

చెనిక్కాయ పండలేదు కాబట్టి గోదాము ఖాళీ.
పదకొండింటినీ అందులోకి తోలాం.
రేకుల సందుల్లో గోనెపట్టలు కుక్కాం.
వెదురు గొట్టంతో ఒక్కోదానికీ బొగ్గు తాపాం.
నాలుగు పోయాయి.
ఆ నాలుగింటి చెవులకు కట్టిన ఎర్ర దారాలు
మామ విప్పి జేబులో వేసుకున్నాడు,
దాని గురించి ఎవరం మాట్లాడలేదు.

ఇప్పుడు మంద రాత్రిపూట మేస్తుంది.
నేను ముందు నడుస్తూ బ్యాటరీ వేయబోతే
"ఆర్పు" అన్నాడు, చంటిదాని ముందు కసిరినట్టు.
పున్నానికి ఇంకొక్క రోజు.
గుట్ట మీంచి చంద్రుడు లేచేసరికి
పొడల గొర్రె తల ఎత్తి నిలబడింది,
పక్కు కట్టిన దాని చెవుల్లో వెలుగు.
"పాపా, ఎన్నెల గూడా ఎండేనా?"

ఎండే, ఎంతో పలచటిది.
ఎంత పలచనైతే గడియ నిలుస్తుందో
నేను కొలవలేదు.
నా మౌనం మామకు సరిపోయినట్టుంది.
భుజం మీది నల్ల కంబళి తీశాడు,
కర్రి గొర్రెల ఉన్నితో వాళ్ళ నాయన నేసింది,
దాని తెల్లటి వీపు మీద కప్పి
కొస జారకుండా
తెల్లవార్లూ పట్టుకునే నడిచాడు.